ధర తేల్చమంటే మనిషిని తేల్చేశారు

ఈ ఏడు మా చర్చి సంఘం కమిటీలోకి నన్ను తీసుకున్నారు, ఆడవాళ్ళ తరఫున ఒకరుండాలని. మొదటి మీటింగంతా కానుకల లెక్క, మైకు రిపేరు, ప్రహరీ గోడ విషయంతోనే అయిపోయింది. రెండో మీటింగులో పంచాయితీ వచ్చింది.

ఇద్దరూ మా సంఘం వాళ్ళే (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా). ఒకావిడ రిటైరైన టీచరు, భర్త పోయారు, ఒక్కగానొక్క కొడుకు బెంగుళూరులో ఉంటాడు. ఇంకొకాయన వడ్రంగి మేస్త్రి, మంచి పనివాడు. టీచరమ్మ ఇంట్లో వంటింటి కప్‌బోర్డులు, రెండు బెడ్‌రూముల్లో బీరువాలు, అటకలకి తలుపులు, అన్నీ కలిపి లక్షా ఎనభై వేలని నోటిమాటగా అనుకున్నారు. పనయ్యాక బిల్లు రెండు లక్షల నలభై ఐదు వేలొచ్చింది. మధ్యలో ఆవిడ పని పెంచింది, మంచి సన్‌మైకా అడిగింది అని మేస్త్రి అంటాడు, నేనడిగింది ఒక్క అరే, దానికి అరవై ఐదు వేలా అని ఆవిడంటుంది. పెద్దలిద్దరు వెళ్ళి కూర్చుని రెండు లక్షల ఇరవై వేలని చెప్పొచ్చారు, మేస్త్రి సరేనన్నాడు, కొడుకు ఫోన్లోనే సరేనన్నాడు, టీచరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా ఫోన్లో ఫోటోలు తీసుకుని వేరే ఇద్దరు మేస్త్రీల దగ్గరికెళ్ళి ఈ పనికి అడుగెంత పడుతుందని అడిగొచ్చింది.

మీటింగులో గొడవంతా ఇప్పుడు దీని మీదే, బిల్లు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. "పెద్దలు తేల్చాక కూడా ఊరంతా తిరిగి సహోదరుడి పరువు తీస్తోందంటే అది లోబడని మనసు, సంఘం ముందు క్షమాపణ చెప్పేదాకా ప్రభువు బల్లకి దూరంగా ఉంచుదాం" అన్నారొక పెద్దాయన (ప్రభువు బల్లంటే ఆరాధనలో అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం). ఇద్దరు ముగ్గురు తలూపారు. పాస్టరుగారు ప్రార్థన చేసి చూద్దామన్నారు. నేనొక్క మాట మాట్లాడలేదు, కొత్తగా వచ్చినదాన్ని కదా అనుకుని ఊరుకున్నా. ఆ ఊరుకోవడం నాకు నాలుగు రోజులు నిద్రపట్టనివ్వలేదు, ఎందుకంటే ఇదే కథ నేనింతకుముందు చదివాను, పేర్లు తేడా అంతే. అది 1640లో బోస్టన్‌లో జరిగింది, అందులో కూడా ఒక వడ్రంగి, ఒక పెద్దింటావిడ, నాకు సమ్మతమేనన్న ఒక మగాయన, వేరే పనివాళ్ళని ధర అడగడం, అన్నీ ఉన్నాయి. దాని గురించి రాయాలనే ఇది మొదలుపెట్టా.

ముందు ఒక సంగతి చెప్పాలి. సంఘం పెద్దలు ఇలాంటి గొడవలు తీర్చకూడదు, కోర్టుకెళ్ళాలి అని నేననడం లేదు. మీలో మీకు వ్యాజ్యం వస్తే బయటి న్యాయాధిపతుల ముందుకు ఎందుకెళ్తారు, మీ మధ్య తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని కొరింథీయులకి పౌలు రాసిన మాట మీద నాకు పూర్తి గురి ఉంది. ఇలాంటి డబ్బు గొడవకి కోర్టుకెళ్తే వకీలు ఫీజు, వాయిదాలు, బస్సు చార్జీలు కలిపి అంతకంటే ఎక్కువే అవుతాయి. పైగా నేను కళ్ళారా చూశాను, మా నాన్న విషయంలోనే.

నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, బందులు, గొళ్ళాలు, ఊచలు, సిమెంటు. నేను ఇంటర్ చదివేటప్పుడు సాయంత్రాలు కొట్లో కూర్చుని ఖాతాలు రాసేదాన్ని. సంఘంలోనే ఒకాయన ఇల్లు కట్టుకుంటూ ఆరు నెలలు సరుకంతా అరువు మీద తీసుకెళ్ళాడు, మధ్యలో సిమెంటు, ఇనుము రేట్లు పెరిగాయి, నాన్న పెరిగిన రేటుకి పద్దు రాయించారు, ఆయన మొదటి రేటే ఇస్తానన్నాడు. మాట పెరిగింది. పెద్దలు ముగ్గురు వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన రిటైర్డ్ హెడ్‌మాస్టారు. ఆయన ఖాతా పుస్తకం తెరిచి, "ఏ తారీఖున నీకు కొత్త సరుకు దిగిందో ఆ బిల్లు తీయవయ్యా" అన్నారు. నాన్న తీశారు. ఆ తారీఖుకి ముందు ఇచ్చినదంతా పాత సరుకే, దానికి పాత రేటు, తర్వాతదానికి కొత్త రేటు, అని మాస్టారు ఒక్కో పద్దు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయారు. నాన్నకి పద్దెనిమిది వందలు తగ్గింది. గంట కూడా పట్టలేదు. అప్పుడు పెద్దల్లో ఒకాయన, "ఆదివారం ఆరాధనలో లేచి తప్పయిందని ఒక మాట అనెయ్యి, అందరికీ సాక్ష్యంగా ఉంటుంది" అన్నారు నాన్నతో. మాస్టారు పుస్తకం మూసేసి, "లెక్క తేలింది కదండీ, మనం వచ్చింది లెక్కకే, మిగతాది అతనికీ దేవుడికీ మధ్య" అని లేచిపోయారు.

ఆ రోజు నాన్న మొహం నాకింకా గుర్తుంది. ఆయన లోలోపల తప్పనుకున్నారో లేదో నాకు తెలీదు, ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ కొనుక్కున్నాయన ఇంటి తలుపు బందులక్కూడా మా కొట్టుకే వచ్చాడు.

ఇప్పుడు బోస్టన్. ఎం.ఏ. హిస్టరీలో మాకు అమెరికా పేపరుండేది, అందులో ఒకటి రెండు లైన్లుండేవి దీని గురించి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దొరికినవన్నీ చదువుతూ వచ్చా, ఎందుకో వదల్లేకపోయాను, మేకులుండటం వల్ల కావచ్చు. 1630లో ఇంగ్లండు నుంచి ఓడలెక్కి వచ్చిన ప్యూరిటన్లు, వాక్యం ప్రకారం బతికే ఊరు కట్టుకుందామని వచ్చినవాళ్ళు. రాగానే సంఘం పెట్టుకున్నారు, బోస్టన్ ఫస్ట్ చర్చ్ అంటారు దాన్ని. 1631 నుంచి ఓటు ఎవరికంటే చర్చిలో సభ్యులైన మగవాళ్ళకే. గవర్నరుగా చేసిన జాన్ విన్‌త్రాప్ కూడా ఆ చర్చి మెంబరే. అంటే కచేరీలో కూర్చునేదీ వాళ్ళే, చర్చిలో కూర్చునేదీ వాళ్ళే, అక్కడ శిక్ష పడితే ఇక్కడ కూడా నిలబడాల్సిందే. మేకు దగ్గర్నించి గుండీ దాకా చాలా సరుకు ఓడల మీదే రావాలి. అలాంటి చోట ధర గొడవలు రాకుండా ఎలా ఉంటాయి? 1633లో వాళ్ళే రూలు పెట్టారు, ఇంగ్లండులో కొన్న ధర మీద షిల్లింగుకి నాలుగు పెన్నీలకి మించి లాభం తీసుకోకూడదని. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు కాబట్టి మూడో వంతన్నమాట. వడ్రంగులకీ తాపీ పనివాళ్ళకీ రోజుకూలి రెండు షిల్లింగులు దాటకూడదని కూడా పెట్టారు. సరుకు ధర మీద పెట్టిన ఆ రూలు రెండేళ్ళకే ఎత్తేశారు.

రాబర్ట్ కేన్ 1635లో వచ్చాడు. విండ్సర్‌లో మాంసం కొట్టువాడి కొడుకు, లండన్‌లో వ్యాపారం నేర్చుకుని సొంతంగా పైకొచ్చిన మనిషి. భక్తిపరుడు, ప్రసంగాలు వింటూ నోట్సు పుస్తకాలు నింపేవాడు. సంఘం పాస్టరు జాన్ విల్సన్ ఈయనకి తోడల్లుడు. అంటే సంఘంలో బలం లేనివాడేం కాదు. 1639 నవంబరులో ఈయన మీద ఫిర్యాదు వచ్చింది, సరుకులు అన్యాయమైన ధరకి అమ్ముతున్నాడని. షిల్లింగుకి ఆరు పెన్నీల పైన, కొన్నిటికి ఎనిమిది పైన, చిన్న చిన్నవాటికి ఒకటికి రెండు కూడా లాభం తీశాడని విన్‌త్రాప్ తన డైరీలో రాశాడు. బంగారు గుండీలు, గుర్రం కళ్ళెం, మేకులు. 200 పౌండ్ల జరిమానా వేశారు, తర్వాత 80కి తగ్గించారు. అప్పటికి లాభం ఇంతేనని ఏ చట్టమూ అమల్లో లేదు, ఈయనొక్కడే కాదు పశువులమ్మేవాళ్ళు, ధాన్యమమ్మేవాళ్ళు కూడా అదే పని చేస్తున్నారు, ఆ సంగతి విన్‌త్రాపే ఒప్పుకుంటూ రాశాడు.

కోర్టయ్యాక చర్చి. అక్కడ కేన్ కన్నీళ్ళతో తన లోభపు మనసుని ఒప్పుకున్నాడట. తర్వాత జాన్ కాటన్ అనే బోధకుడు వ్యాపారంలో తప్పుడు సూత్రాలేంటో ప్రసంగంలో చెప్పాడు: వీలైనంత ఎక్కువకి అమ్మొచ్చు వీలైనంత తక్కువకి కొనొచ్చు అనుకోవడం తప్పు, సముద్రంలో కొంత సరుకు పోతే మిగతా సరుకు మీద ఆ నష్టం లాగొచ్చనుకోవడం తప్పు, ఎదుటివాడి తెలియనితనాన్నీ అవసరాన్నీ వాడుకోవచ్చనుకోవడం తప్పు. చివరిది నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ మన షాపుల్లో రాసి పెట్టుకోవాల్సిన మాట. ఓడ మునిగితే ఆ నష్టం దేవుడి చేతిలోంచి వచ్చిందనుకుని వ్యాపారే మొయ్యాలనడం దగ్గర మాత్రం నేను ఆగిపోతాను, రెండోసారి ఓడ ఎవరు పంపుతారని అడగాలనిపిస్తుంది. కానీ కాటన్ అక్కడ వ్యాపారం గురించి మాట్లాడాడు, కనీసం ఫలానాది తప్పని విడిగా చూపించాడు. సంఘం చేసింది వేరు. వెలివెయ్యాలని కొందరన్నారు, ఎక్కువమంది గద్దింపు చాలన్నారు. దేవుడి పేరుకి అవమానం తెచ్చాడని అందరి ముందూ గద్దించారు. 1640 మేలో, పశ్చాత్తాపం ఒప్పుకున్నాడని మళ్ళీ చేర్చుకున్నారు. ఆరు నెలల్లో అయిపోయింది.

అయిపోయిందా? పదమూడేళ్ళ తర్వాత, 1653లో ఈ కేన్ వీలునామా రాయడం మొదలుపెట్టాడు. రికార్డు పుస్తకంలో అది 158 పేజీలొచ్చింది. ఎవరికి ఏ ఆస్తి అనే దానికి అన్ని పేజీలు అక్కర్లేదు కదా. అందులో ఆయన మళ్ళీ ఆ మేకుల దగ్గరికే వెళ్ళాడు. నేను కొట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ భాగం చదివినప్పుడల్లా నాకు ఖాతా పుస్తకం కళ్ళ ముందుకొస్తుంది. ఆ రోజుల్లో మేకుల సైజుకి ఆరు పెన్నీల మేకు, ఎనిమిది పెన్నీల మేకు అని పేర్లు, మనం రెండంగుళాలవి, మూడంగుళాలవి అన్నట్టు. ఆయన చెప్పుకున్నదాని ప్రకారం ఒకాయన అరువు మీద ఒక సైజు మేకుల సంచీ తీసుకెళ్ళి, అవి పనికి చిన్నవయ్యాయని వెనక్కిచ్చి పెద్దవి తీసుకున్నాడు. పెద్దవాటి ధర ఎక్కువ కాబట్టి పద్దులో ఎనిమిది పెన్నీలున్నచోట పది అని దిద్దారు. డబ్బు చాలాకాలం ఇవ్వకుండా ఉండి, చివరికి ఇదిగో పుస్తకం దిద్ది ధర పెంచేశాడని ఆ మనిషే ఫిర్యాదు. మార్చుకున్న సంగతి కేన్‌కి వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఊరంతా దొంగలెక్కలవాడనేసింది.

ఇది నిజమా, తనకి అనుకూలంగా చెప్పుకున్నాడా అంటే ఒక పక్క మాటే కదా, పూర్తిగా నమ్మమని నేననను. కానీ ఒక పద్దు దగ్గర ఆగి, ఈ దిద్దుబాటు ఎందుకొచ్చింది, సంచీ ఎవరు తెచ్చిచ్చారు, ఆ రోజు కొట్లో ఎవరున్నారని మా హెడ్‌మాస్టారులా ఎవరైనా పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే తేలే విషయం అది. సంఘం అడగాల్సింది అదీ. సంఘం ఆయన కన్నీళ్ళు చూసి తృప్తిపడింది. ఆ కన్నీళ్ళు అబద్ధమని కూడా నేననుకోను, తనలో లోభం ఉందని ఆయన నిజంగానే భయపడి ఉంటాడు, ప్యూరిటన్లు అలాగే బతికేవాళ్ళు. అయినా మేకుల లెక్క తేలలేదు కాబట్టి మనసూ తేలలేదు, చావుకి దగ్గరపడుతూ కూడా ఆ మనిషి తన పేరు కడుక్కోవడానికి పేజీల మీద పేజీలు రాసుకున్నాడు. ఒక మనిషి చేత అందరి ముందూ ఏడిపించి, గొడవ తీరిందనుకుంటే అది తీరినట్టా?

ఇక ఆన్ హిబ్బెన్స్. భర్త విలియం హిబ్బెన్స్ వ్యాపారి, ఊళ్ళో పెద్దమనిషి, తర్వాత 1643లో మెజిస్ట్రేట్ కూడా అయ్యాడు. ఇంట్లో వడ్రంగి పని చేయించుకున్నారు. పని చేసినవాళ్ళు ఎక్కువ తీసుకున్నారని ఆవిడ అంది. ఆ గొడవ కొందరు మధ్యవర్తుల ముందు పెడితే ఒక ధర చెప్పారు, భర్త సరేనన్నాడు. ఆవిడ వినలేదు. వేరే వడ్రంగుల దగ్గరికెళ్ళి ఈ పని విలువెంతని అడిగింది, వడ్రంగులంతా ఒకటై ధరలు పెంచుతున్నారని అంది. 1640 సెప్టెంబరులో సంఘం ముందు నిలబెట్టారు.

ఒక్కసారి ఆగి చూడండి. సరిగ్గా పది నెలల ముందు ఇదే సంఘంలో ఇదే పాస్టరు, ఇదే బోధకుడు, ఎక్కువ ధర తీసుకోవడం దేవుడి పేరుకి అవమానమని ఒకణ్ణి నిలబెట్టి గద్దించారు. వడ్రంగుల కూలి మీద ఈ ఊళ్ళోనే రూలు పెట్టిన రోజులున్నాయి. అలాంటిది ఎక్కువ ధర తీసుకున్నారని అడిగినందుకు ఆవిడే దోషి అయింది. అడిగింది తప్పు కాదట, తేల్చాక కూడా అడగడం తప్పట. విచారణ సాగేకొద్దీ బిల్లు వెనక్కిపోయింది. అబద్ధమాడింది, సహోదరుల మీద నింద వేసింది, సంఘం అడిగినదానికి సరిగ్గా జవాబివ్వట్లేదు, తగ్గట్లేదు, అన్నిటికంటే పెద్దది, భర్త కంటే తనకే పనులు చక్కబెట్టడం బాగా తెలుసన్నట్టు నడుచుకుంది, అని ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోయారు. భర్త లేచి, మొదట్లో ఆ పని మాట్లాడుకోమని నేనే చెప్పాను కానీ ఆ తర్వాత నాకు సమ్మతమైంది, తనకీ అవ్వాలని కోరుకున్నా అన్నట్టు మాట్లాడాడు. 1641 ఫిబ్రవరిలో వెలేశారు.

ఆ విచారణలో ఎవరేమన్నారో మనకెలా తెలుసంటే, అక్కడ కూర్చుని ఒకాయన రాసుకున్నాడు కాబట్టి. రాసుకున్నది రాబర్ట్ కేన్. మొదటిసారి ఈ విషయం తెలిసినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టేసి కాసేపు బయట వరండాలో తిరిగాను. ఏడాది కిందట ధర ఎక్కువ తీసుకున్నాడని అదే జనం ముందు నిలబడి ఏడ్చినవాడు, ధర ఎక్కువైందన్న మనిషిని వెలెయ్యడం కలంతో రాసుకుంటున్నాడు. రాస్తున్నప్పుడు ఆయనకేమనిపించిందో ఆ పుస్తకాల్లో నాకైతే కనపడలేదు.

నా వాదన ఇక్కడే ఉంది. ఒకాయన ఎక్కువకి అమ్మాడు, ఒకావిడ ఎక్కువైందంది. ఆ సంఘానికి ధర గురించి నిజంగా ఒక నీతి ఉండి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరి వైపు నిలబడాలి. ఏడ్చినాయన ఆరు నెలల్లో లోపలికొచ్చాడు, ఏడవనావిడ బయటికెళ్ళింది, మళ్ళీ రాలేదు. 1654లో భర్త పోయాడు. ఆ తర్వాత ఆవిడ మీద మంత్రగత్తె అని కేసు పెట్టారు, జ్యూరీ దోషి అంటే మొదట మెజిస్ట్రేట్లు ఒప్పుకోలేదు, చివరికి జనరల్ కోర్టు (అక్కడి చట్టసభే పై కోర్టు కూడా) ఖాయం చేసింది, 1656 జూన్ 19న బోస్టన్‌లో ఉరితీశారు. వడ్రంగి పని గొడవ వల్లే ఉరి పడిందని నేను అనట్లేదు, మధ్యలో పదిహేనేళ్ళున్నాయి. కానీ సంఘం ఒకసారి "ఈవిడ తగ్గని మనిషి, అబద్ధాలాడే మనిషి" అని పదిమందిలో ముద్ర వేసి బయటికి పంపాక, కాచుకోవడానికి భర్త కూడా లేని రోజున ఆ ముద్ర ఏం చేస్తుందో ఊహించుకోలేమా? మన ఊళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషి గట్టిగా మాట్లాడితే ఏమంటారో మనకి తెలియదా? చేతబడి పేరుతో మన రెండు రాష్ట్రాల్లో కూడా మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివాం కదా.

కేన్‌ని కూడా ఆ ముద్ర వదల్లేదు. ఆయన దగ్గరికి తప్పిపోయి వచ్చిన ఒక పంది గొడవ ఉంది, షెర్మన్ అనే ఆమె అది తనదంది, నా పందిని కోసుకుని తినేశాడంది. ముందు సంఘం పెద్దలే విన్నారు, సాక్షుల్ని పిలిచి అడిగారు, ఈయన తప్పు లేదన్నారు. ఇది మాత్రం వాళ్ళు సరిగ్గా చేసిన పని, సాక్ష్యం మీదే తేల్చారు. కానీ ఊరు నమ్మలేదు, పిండి వసూలు చేసే వ్యాపారి అని పేరు పడిపోయింది కదా. ఆమె ఇంట్లో అద్దెకుండే జార్జ్ స్టోరీ అనే కుర్ర వ్యాపారి ప్రోత్సాహంతో కోర్టుకెళ్ళింది, అక్కడా ఓడింది, చివరికి 1642లో అది జనరల్ కోర్టుకెక్కింది. ఒక పంది కోసం ఇంచుమించు ఏడు రోజులు విన్నారు. మెజిస్ట్రేట్లలో ఏడుగురు కేన్ వైపు, ఇద్దరు ఆమె వైపు. ఊళ్ళ నుంచి వచ్చిన ప్రతినిధుల్లో పదిహేనుమంది ఆమె వైపు, ఎనిమిదిమంది ఈయన వైపు, ఏడుగురు ఎటూ చెప్పలేదు. మెజిస్ట్రేట్ల మాట పైనా, ప్రతినిధుల మాట పైనా అన్న ఆ తగువే ముదిరి 1644లో సభ రెండుగా విడిపోయింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో రెండు సభలు అలా వచ్చాయి. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఏంటంటే, సంఘం పంది విషయంలో నిజం తేల్చినా అది చెల్లలేదు, మేకుల విషయంలో అదే సంఘం ఆయన్ని లోభి అని ముద్ర వేసేసింది కాబట్టి.

ఇంకో సంఘం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దారి ఉందని అది చూపించింది. మార్మన్లు, పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన మత సంఘం. వాళ్ళ బోధతో నాకు పొత్తు లేదు, కానీ వాళ్ళ సభ నడిపే పద్ధతి నేర్చుకోవాల్సింది. 1834 ఫిబ్రవరి 17న ఒహాయోలోని కర్ట్‌లండ్‌లో పన్నెండుమందితో పెద్దల సభ పెట్టుకున్నారు. గొడవ వచ్చినప్పుడు ఆ పన్నెండుమందీ ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలున్న చీట్లు తీస్తారు. సరిసంఖ్య వచ్చినవాళ్ళు నిందపడ్డ మనిషి తరఫున నిలబడాలి, అతనికి అవమానం గానీ అన్యాయం గానీ జరగకుండా చూడాలి. ఇష్టమున్నా లేకపోయినా, ఆ మనిషి నచ్చినా నచ్చకపోయినా సరే. 1847లో యూటా లోయకి బళ్ళు కట్టుకుని వెళ్ళాక కూడా ఇలాంటి సభలే వాళ్ళ మధ్య పొలాల గొడవలూ నీళ్ళ గొడవలూ వ్యాపారం గొడవలూ తీర్చాయి, తమలో తాము బయటి కోర్టుకెళ్ళడం తప్పుగా చూసేవాళ్ళు, ఆధారం మళ్ళీ ఆ కొరింథీ పత్రికే. అంత మంచి పద్ధతి కూడా ఒకచోట విరిగిపోయింది. 1869లో విలియం గాడ్బీ అనే వ్యాపారి, అతని స్నేహితులు, సంఘం నాయకుడు బ్రిగమ్ యంగ్ వ్యాపారాన్నంతా తన చేతికింద పెట్టుకోవడం సరికాదని తమ మ్యాగజైనులో రాస్తే, ఆ అక్టోబరులోనే సాల్ట్‌లేక్‌లో విచారించి వెలేశారు. ఫిర్యాదీ సంఘం నాయకుడే అయినప్పుడు ఎన్ని చీట్లు తీసినా ఏం లాభం? అయినా ఆ సరిసంఖ్య ఆలోచన గొప్పది. హిబ్బెన్స్ తరఫున లేచి, "ఆవిడ సంగతి తర్వాత, ముందు మంచం కోళ్ళూ బల్లచెక్కలూ లెక్కపెట్టండయ్యా" అని అడిగే బాధ్యత ఆ రోజు బోస్టన్‌లో ఒక్కడి మీద కూడా పెట్టలేదు. మొన్న మా మీటింగులో కూడా అంతే.

ఇది చదివి మా పెద్దలకి కోపం రావచ్చు. సంఘ క్రమశిక్షణ వాక్యంలో ఉంది, మత్తయి పద్దెనిమిదో అధ్యాయం చూడు అంటారు. చూశాను. అక్కడ ముందు వాళ్ళిద్దరే ఒంటరిగా మాట్లాడుకోమని ఉంది, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులు, ఆ తర్వాతే సంఘం. మన పెద్దలు వెళ్ళి చెప్పొచ్చిన రెండు లక్షల ఇరవై వేలు ఏ కొలత మీద వచ్చిందో ఎవరైనా చెప్పగలరా? నేనడిగాను, మొన్న రాత్రి ఫోన్ చేసి. "మధ్యేమార్గంగా చెప్పామమ్మా" అన్నారు. ఎన్ని చదరపుటడుగులు చేశాడో ఎవరూ కొలవలేదు. ఏ ప్లై వాడాడో చూడలేదు. మధ్యలో ఏం పెంచారో కాగితం మీద రాయలేదు. అలాంటప్పుడు టీచరమ్మ వేరేచోట రేటు అడిగితే అది పెద్దల్ని ధిక్కరించడం ఎలా అవుతుంది, పెద్దలు చెయ్యాల్సిన పని ఆవిడ చేసిందంతే. మేస్త్రి విషయమూ అంతే, అతను నిజంగానే అదనంగా పని చేసి ఉంటే ఇరవై ఐదు వేలు తగ్గించి అతనికీ అన్యాయం చేశాం, పైగా ఊళ్ళో ఎక్కువ తీసుకుంటాడన్న మాట అతని మీద ఉండిపోతుంది, రేపు పనులు రావు, ఇద్దరాడపిల్లలున్నారు అతనికి.

బల్లకి దూరం పెట్టడం చిన్న శిక్షని కొందరు అనుకుంటున్నారు. భర్త పోయి, కొడుకు దూరంగా ఉండి, వారమంతా ఒక్కతే ఉండే మనిషికి ఆదివారం ఆ రొట్టె ముక్క, ఆ చిన్న గ్లాసు, పక్కన కూర్చున్నావిడ "బావున్నారా టీచరుగారూ" అనడం ఏంటో మగవాళ్ళకి అర్థం కాకపోతే నేను చెప్తాను, కమిటీలో నన్ను వేసింది అందుకే కదా.

నిన్న పాస్టరుగారికి చెప్పాను, ఆదివారం మీటింగులో ఆవిడ తరఫున నేను మాట్లాడతాను, క్షమాపణ మాట ఎత్తే ముందు కొలతలు బల్ల మీద పెట్టాలి అని. ఆయన కాసేపు ఆగి సరేనమ్మా అన్నారు. సాయంత్రం టీచరుగారింటికెళ్ళాను. ఆవిడ ఒక పాత డైరీలో పని మొదలైన రోజు నుంచి ఏ రోజు ఏం చేశారో రాసి పెట్టుకున్నారు, అటక తలుపుల దగ్గర "ఇది నేను అడిగినదే" అని ఆవిడే రాసుకున్నారు, అది చూపించడానికి ఏమాత్రం వెనకాడలేదు. అక్కణ్ణించే మేస్త్రికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున్న పదింటికి వచ్చి కొలుద్దాం, మీరుంటారా అన్నాను. అవతల కాసేపు రంపం మిషన్ చప్పుడు, తర్వాత అది ఆగింది. "వస్తానండి. కొలిచేటప్పుడు తలుపులు లోపలి వైపు కూడా కొలవమనండి, అక్కడ కూడా సన్‌మైకా వేశాను, అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు" అన్నాడు. ఆ మాట టీచరుగారికి చెప్తే లేచి వంటింట్లోకెళ్ళి ఒక తలుపు తీసి లోపలివైపు చేత్తో తడిమి చూశారు, డైరీలో ఇంకో లైను రాసుకున్నారు.